పులి యనగా ఏ పులి?



కొన్నియేండ్ల క్రిందట నల్లమల చేరువనున్న యొక పల్లెకు నేను పనిమీద పోయియుంటిని. తెల్లవారుసరికి ఊరివారెల్లరు రచ్చబండకడ గుమిగూడియుండిరి. రాత్రి యొక రైతు దొడ్డిలోని లేగదూడను ఏదియో మృగము ఈడ్చుకొనిపోయినదట. పులి వచ్చినదని యొకరు, తాను కన్నులార చూచితిననియు అది గుఱ్ఱమంత యున్నదనియు మఱియొకరు చెప్పుచుండిరి. వంకలో దొరకిన దూడకళేబరముమీద పురుగులమందు చల్లుదమని యువకులు కొందఱు సీసాతో సిద్ధముగా నుండిరి. అంతలో చెంచువృద్ధు డొకడు వచ్చి, దొడ్డివెనుకనున్న తడిమట్టిని వంగి చూచి, "దీనికి గోళ్లగుర్తు లున్నవి. పులి గోళ్లు చూపి నడువదు. ఇది దుమ్ములగొండి" అనెను. జనులు నవ్వుచు చెదరిపోయిరి. దూడ పోయినవాడు మాత్రము నవ్వలేదు. సీసా తెచ్చినవారును దానిని వెంటనే పాఱవేయలేదు.

ఆ యుదయమునుండి నా మనస్సున నొక ప్రశ్న నిలిచిపోయినది. మనము పులి యను నొక్కమాటతో ఎన్ని జంతువులను పిలుచుచున్నాము! పెద్దపులియు పులియే, చిఱుతయు పులియే, వేటచిఱుతయు పులియే. చీకటిలో కనబడినచో దుమ్ములగొండియు పులియే. కాని వీనిలో దేని యిల్లు దానిది, దేని యాహారము దానిది, దేని స్వభావము దానిది. ఏ మృగము ఏ యింటిదో యెఱుగనిచో దాని పొరుగున బ్రదుకుటయు చేతగాదు, దానిని కాపాడుటయు చేతగాదు. ఎఱుగకపోవుటవలన మన దేశము ఒక మృగమును పోగొట్టుకొన్నది కూడ. ఆ కథను కడపట చెప్పెదను.

ముందుగా వీని కులమును గూర్చి రెండుమాటలు. ఇవి యన్నియు మన యింటిపిల్లికి జ్ఞాతులు. పిల్లిని చూచినవారు పులి తీరును సగము చూచినట్లే. అరికాలి మెత్తలవలన అడుగుచప్పుడు వినరాదు. పెద్దపులికిని చిఱుతకును గోళ్లు ఒరలోని కత్తులవలె ముడుచుకొనియుండి పట్టునప్పుడే బయటికి వచ్చును. అందువలననే ఆ రెంటి జాడలో నాలుగువ్రేళ్లును మడమమెత్తయు కనబడును గాని గోళ్లగుర్తులు కనబడవు. కుక్కజాడలోను దుమ్ములగొండిజాడలోను గోళ్లు స్పష్టముగా దిగియుండును. ఈ జాతికి ఆకలము పనికిరాదు, మాంసమే యాహారము. కావున ఎచ్చట గడ్డి మేయు జంతువులున్నవో అచ్చటనే యివి యుండును. పులియిల్లు ఏదియని యడిగినచో, దుప్పి మేయు చోటు, దాగుటకు పొద, త్రాగుటకు మడుగు కలిసినదే యని యుత్తరము.

పెద్దపులిని మనవా రెఱుగనివారు లేరు. పులిని చూచి నక్క వాతలు పెట్టుకొన్నదని సామెత గలదు గదా. ఆ నక్క చూచినది పెద్దపులినే. చిఱుతను చూచియుండినచో వాతలకు మాఱుగా చుక్కలు పెట్టుకొనియుండెడిది. ఆ చారలు మన వ్రేలిముద్రలవంటివి. ఒక పులికున్నట్లు మఱియొక పులికుండవు. అడవిబాటల కిరుప్రక్కల తమంతట తామే బొమ్మ తీయు యంత్రములనుంచి, ఆ చారలనుబట్టియే నేడు పులులను లెక్కించుచున్నారు.

పెద్దపులి ఒంటరి సంసారి. ఆడుపులి పిల్లలతో తిరుగుట తక్క ఇవి గుంపు కట్టవు. దేని హద్దు దానిది. మేత సమృద్ధిగానున్న అడవిలో ఒక యాడుపులికి ఇరువది చదరపు కిలోమీటర్లు చాలవచ్చును. ఎండుటడవిలో అంతకు పలురెట్లు కావలయును. దీనికి కారణము లెక్క చూచిన తెలియును. ఒక పులికి వారమున కొక దుప్పియో కణితియో అడవిపందియో కావలయును. అనగా ఏడాదికి సుమారు 50 జంతువులు. మంద తఱగక ఏటేట 50 తల లీయవలెనన్న ఆ మంద 500 వఱకు ఉండవలయును. మీరు అప్పిచ్చి పుచ్చుకొనువారు గనుక ఈ సంగతి మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 500 అసలు, 50 వడ్డి. పులి వడ్డి తిని బ్రదుకును. మనుష్యుడు ఉచ్చులు పన్ని దుప్పులను తినివేసినచో అసలే పోవును. అసలు పోయిన పిదప పులి ఏమి తినును? అడవియంచున మేయు పశువు దానికి కనబడును. పులి పశువులపై బడినదని మనము మొఱపెట్టుకొనుటకు ముందు, అడవిలో దుప్పులను తిన్న దెవ్వరని యొకసారి విచారింపవలసియున్నది.

మనుష్యుని చూచినచో ఆరోగ్యముగానున్న పులి సాధారణముగా ప్రక్కకు తొలగిపోవును. పండ్లరిగిన ముసలిపులియు, ఏదుపంది ముళ్లు గ్రుచ్చుకొనియో గుండుదెబ్బ తినియో కుంటుపడిన పులియు, పిల్లలు గల తల్లియు అపాయకరములు. పొదలో దానికి తెలియక మీదికి పోవువారికి ఎల్లప్పుడును అపాయమే.

పెద్దపులి యొక్క రీతి యడవినే కోరునది కాదు. హిమాలయముల క్రిందిభాగమున తేమగల గడ్డిబీళ్లలోను, వంగదేశపు సుందరవనములలో ఉప్పునీటి బురదలోను, మన నల్లమలలోని యెండుటడవులలోను అది కాపురమున్నది. దేశమున పులులు తఱిగిపోవుచుండుట చూచి 1972లో వన్యమృగసంరక్షణ శాసనము చేయబడినది. 1973 ఏప్రిలు 1వ తేదీన పులుల సంరక్షణప్రణాళిక ఆరంభమైనది. నల్లమలలోని నాగార్జునసాగరము-శ్రీశైలము అభయారణ్యము 1983లో ఆ ప్రణాళికలో చేరినది. 2014లో రాష్ట్రము రెండైనప్పుడు కృష్ణ కుత్తరపు భాగము ఆమ్రాబాదు పేర తెలంగాణమునకు పోయినది. నది నడుమనున్నను అడవి యొక్కటే. గోదావరికి ఉత్తరమున ఆదిలాబాదు ప్రాంతమున కవ్వాల అడవి 2012లో పులుల రక్షితవనమైనది. దేశమంతట 2006లో 1,411గా అంచనా వేయబడిన పులులు 2022 లెక్కకు 3,682 అయినవి. దీనిలో నల్లమల చెంచుల పాలును గలదు. అడుగుజాడలు చదువగల యా జనులు కావలివారై అడవిశాఖకు కన్నులుగా నున్నారు.

ఐనను ఒక చిక్కు గలదు. మీలో పులిజూదము ఆడనివారు అరుదుగా నుందురు. ఆ యాటలో మేక పులిని చంపలేదు. అన్నివైపుల గళ్లు మూసివైచి కదలనీయకుండ చేసినప్పుడే పులి యోడును. అడవిలో జరుగుచున్నదియు నిదియే. పిల్ల యెదిగిన పిమ్మట తల్లి హద్దు విడిచి వేఱు చోటు వెదకికొనవలయును. మహారాష్ట్రమునందలి తాడోబా అడవులనుండి పులులు ప్రాణహిత దాటి కాగజ్‌నగరము ప్రాంతమునకు వచ్చుచున్నవి. నల్లమలనుండి దక్షిణముగా లంకమల, వెలిగొండ, పాలకొండల మీదుగా శేషాచలమువఱకు కొండలు దండకూర్చినట్లున్నవి. ఆ నడుమనున్న సన్నని త్రోవలు రస్తాలతోను గనులతోను కంచెలతోను మూసికొనిపోయినచో, ఒక్క తుపాకి ప్రేలకయే పులి యాట ముగియును.

ఇక చిఱుతపులి. పెద్దపులికంటె చిన్నది, పసుపుమేనిపై గులాబిపూలవలె గుండ్రని నల్లమచ్చలు గలది. పెద్దపులికి అడవి యిల్లైనచో చిఱుతకు అడవియంచు ఇల్లు. రాతిగుట్ట, వంక, చెఱకుతోట, ఏదైనను దానికి చాలును. దుప్పిపిల్ల, కోతి, కుందేలు, మేక, కుక్క, ఏదైనను దాని కాహారమే. పెద్దపులి యున్నచోట అది ప్రక్కకు తప్పుకొనును. పట్టిన వేటను చెట్టుపైకెక్కించి భద్రపఱచుకొనును. బొంబాయి నగరము నానుకొనియున్న రక్షితవనమున లక్షలాది జనుల ప్రక్కనే చిఱుతలు బ్రదుకుచున్నవి. వాని యాహారములో ఊరకుక్కలకు పెద్దపాలు గలదు. 2022 లెక్కలో దేశమున చిఱుతలు సుమారు 13,874 అని తేలినది. కావున పల్లెవారు పులి వచ్చినదన్నప్పుడు, నిజముగా వచ్చినదైనచో, అది తఱచు చిఱుతయే.

చిఱుత పెద్దపులికంటె చిన్నదని చులుకన చేయరాదు. 2023 ఆగస్టులో అలిపిరినుండి తిరుమలకు పోవు నడకదారిలో ఒక పసిబాలిక చిఱుత బారినపడి ప్రాణము విడిచినది. ఆ తల్లిదండ్రుల దుఃఖమునకు ఏ లెక్కయు సమాధానము కాదు. అటుపిమ్మట భక్తులు గుంపులుగా నడువవలెనని విధించి, చేతికఱ్ఱ లిచ్చి, ప్రొద్దు వాలిన పిదప చిన్నపిల్లలను ఆ దారిని పోనీయక కట్టడి చేసిరి. ఈ కట్టడిలో పల్లెలకును పాఠము గలదు. చిఱుత ఎత్తును చూచి లెక్క వేయును. నిలిచిన మనుష్యునికి అది వెఱచును. చిన్నబిడ్డ, వంగి గడ్డి కోయు స్త్రీ, చీకటిలో బహిర్భూమికి పోయి కూర్చున్నవాడు దాని కంటికి చిన్నజంతువులవలె దోచుదురు. కనుక ప్రొద్దుగ్రుంకిన పిదప బిడ్డల నొంటరిగా పంపరాదు. చచ్చిన పశువును ఊరి ప్రక్కన పాఱవేయరాదు. ఆ వాసనకు కుక్కలు చేరును, కుక్కలకై చిఱుత వచ్చును.

మన యడవులలో లేని తక్కిన పెద్దపిల్లులను గూర్చియు కొంచెము చెప్పవలయును. గుడిగోపురముపై సింహము, రాజు కూర్చుండు సింహాసనము, ఇంటికి సింహద్వారము! ఇన్నిచోట్ల సింహమును నిలుపుకొన్న మన దేశభాగమున అది అడవిమృగముగా నుండినట్లు కానరాదు. దాని పూర్వపు టునికి నర్మద కుత్తరముననే. నరసింహుడు వెలసిన అహోబిలపుటడవి పెద్దపులి యడవి! సింహము దట్టమైన యడవిని కోరదు. ముళ్లచెట్లు, గడ్డి కలిసిన తెఱపి నేల దాని యిల్లు. కుటుంబము కట్టుకొని వేటాడుట పెద్దపిల్లులలో దాని ప్రత్యేకత. ఆసియాఖండమంతటను అడవిసింహము నేడు గుజరాతునందలి గిర్ ప్రాంతముననే మిగిలియున్నది. వేళ్లపై లెక్కింపదగినంతగా తఱిగిన సింహములను జునాగఢ్ నవాబులు కాపాడిరి. 2025 లెక్కకు అవి 891 అయినవి. కాని సంతానమంతయు ఒక్కచోటనే యుండుట అపాయము. 2018లో తెగులు తగిలి కొలదివారములలో ఇరువదికి పైగా సింహములు చచ్చినవి. ఊరంతకు ఒక్కటే బావియైనచో ఆ బావి చెడినప్పుడు ఊరి గతి యేమగునో మీరెఱుగుదురు.

ఉత్తరముగా హిమాలయముల నెక్కినచో, చెట్లు కూడ మొలవని మంచురాళ్ల నడుమ మంచుచిఱుత యున్నది. బూడిదవన్నె మేను, దట్టమైన బొచ్చు; పండుకొన్నప్పుడు పొడవైన తోకను కంబళివలె మోముచుట్టు కప్పుకొనును. కొండమేకలు, అడవిగొఱ్ఱెలు దాని యాహారము. మనదేశమున నవి 718 వఱకు ఉన్నవని 2024లో ప్రకటింపబడినది. వానిలో ఎక్కువభాగము లడఖునందే. అచ్చటి కాపరులు పూర్వము కప్పులేని రాతిదొడ్లలో గొఱ్ఱెలను తోలెడివారు. ఒకరాత్రి మంచుచిఱుత లోనికి దుమికినచో మంద నెల్ల నాశము చేసెడిది. కాపరులు పగబట్టి దానిని చంపెడివారు. పిమ్మట దొడ్డికి ఇనుపవల పైకప్పును, గట్టి తలుపును వేయుట నేర్చిరి. అట్టి దొడ్లలో మందయు బ్రదికినది, చిఱుతయు బ్రదికినది. మన మేకలదొడ్డికిని ఈ యుపాయమే చెల్లును. చిఱుతకు కంచె యెత్తు ఒక లెక్క కాదు. ఇక తూర్పున అస్సాము, మేఘాలయ మొదలగు సీమల తడియడవులలో, మబ్బుతునకలవంటి మచ్చలు గల మబ్బుచిఱుత చెట్లపై తిరుగుచు, ఉడుతవలె తలక్రిందుగా మ్రాను దిగును. ఆ చెట్లు పోయినచో దానికి వేఱు లోకము లేదు.

ఇప్పుడు ముందు మాట యిచ్చిన కథ. వేటచిఱుతను ఉత్తరదేశమువారు చీతా యందురు. చుక్కలుగలదను నర్థమిచ్చు చిత్రకమను సంస్కృతపదమునుండి వచ్చిన పేరది. సివంగి యనియు దీనిని పిలుచుట కలదు. నేడు పలువు రా మాటను ఆడసింహమునకు వాడుచున్నారు. మృగము పోయిన పిదప పేరు దిక్కులేనిదై మఱియొకదానిని పట్టుకొన్నది! చీతాకును చిఱుతకును పేరులో పోలికయేగాని తీరులో పోలిక లేదు. చీతా మచ్చలు గుండ్రని నిండుచుక్కలు. నడుము సన్నము, కాళ్లు పొడవు. కంటికొననుండి నోటివఱకు కాటుక కరగి జాఱినట్లు నల్లనిగీత. చిఱుత రాత్రి పొంచి పట్టును. చీతా పగటివేళ పరుగెత్తి పట్టును. భూమిపై నడచు జంతువులలో దానికి మించిన పరుగు లేదు. కొలదిదూరము గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగమున పోగలదు. అట్లు పరుగెత్తుటకు తెఱపి గడ్డినేల కావలయును, అందు జింకలుండవలయును.

రాజులు దానిని పట్టి మచ్చిక చేసి, కన్నులకు గంతకట్టి, ఎద్దులబండిపై తెచ్చి, జింకల మందపై విడిచెడివారు. మన సీమలోను ఈ వేడుక యుండెడిది. 1880లో విశాఖపట్టణమున గవర్నరు ఏజెంటుగా నుండిన యొక దొర, విజయనగర రాజావారి వేటచిఱుతవలన వేటలో గాయపడి మరణించెనని వ్రాయబడియున్నది. మనుష్యుని ప్రాణము తీసినట్లు దానిపై చెప్పబడు నేరము ఇట్టిది మిక్కిలి యరుదు. కాని కట్టడిలో నది సులభముగా పిల్లలను కనదు. వేలకొలది చీతాలను పోషించిన మొగలాయీల కొలువులోను జహంగీరు కాలమున నొక్కసారి మాత్రమే పిల్లలు పుట్టినట్లు తెలియుచున్నది. కావున ప్రతి వేటచిఱుతను అడవినుండియే పట్టి తేవలసివచ్చెను. ఒకప్రక్క పట్టుట, ఒకప్రక్క కాల్చుట, ఒకప్రక్క గడ్డినేలలు దున్నకములగుట. మూడును కలిసి దానిని తుదముట్టించినవి. 1947లో నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునందలి కొరియా సంస్థానమున మూడు చీతాలు కాల్చబడినవి. చంపబడినట్లు రూఢిగా తెలిసిన చివఱివి యవియే. 1952లో, అప్పుడు మద్రాసు రాష్ట్రమునందుండిన మన చిత్తూరు జిల్లాలో చీతా కనబడినట్లు బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి పత్రికలో ఒక చిన్న నివేదిక యచ్చయినది. ఆ యేటనే ఈ మృగము దేశమున నశించినదని ప్రకటింపబడినది.

చిత్తూరు రైతు ఎవ్వడైన ఆనాడు దానిని చూచియుండినచో ఏమని చెప్పియుండును? పులి కనబడినదనియే చెప్పియుండును. చిఱుతలు బోలెడున్నవి గదా యని విన్నవారు ఊరకుండిరేమో. ఉన్నదాని పేరుచాటున లేనిది కలిసిపోయి, పోయినసంగతియు తెలియకపోయినది. 2022 సెప్టెంబరు 17వ తేదీన ఆఫ్రికాఖండమునందలి నమీబియానుండి 8 చీతాలను తెచ్చి మధ్యప్రదేశమునందలి కూనో వనమున విడిచిరి. మఱుసటియేట దక్షిణాఫ్రికానుండి 12 వచ్చినవి. కొన్ని చచ్చినవి, కొన్ని యీ నేలమీదనే పిల్లలను కన్నవి. పోగొట్టుకొనుటకు మనకు తెలివి యక్కఱలేకపోయెను. మఱల తెచ్చుకొనుటకు సముద్రములు దాటవలసివచ్చెను.

పెద్దలారా, చీతాయింటికి మన దస్త్రములలో నున్న పేరేమో తెలియునా? బంజరు. చెట్లు లేవు గనుక అది యడవి కాదంటిమి; పంట లేదు గనుక పొలము కాదంటిమి. కాని నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు గడ్డినేలను చూచినవారికి, బంజరనబడునది కృష్ణజింకలకును అనేక పక్షులకును ఎట్టి పుట్టినిల్లో తెలియును. ఊరి బీడును ఏమి చేయవలెనను మాట వచ్చినప్పుడు మొదట మాటాడువారు మీరే. మొత్తము దున్నింపక, కొంత మేతకును కొంత జింకకును విడుచుట మీ చేతిలోని పని.

మఱి రెండుమాటలు చెప్పి విరమించెదను. అడవిపందులకని చేనిచుట్టు విద్యుత్తీగ పఱచుట మానిపింపుడు. ఆ తీగకు పులియు చచ్చును, నీరు పెట్టబోయిన పాలేరును చచ్చును. పశువు పోయినచో కళేబరమున విషము కలుపక, అడుగుజాడలు చెరగకుండ బోకెయో తట్టయో బోర్లించి అడవిశాఖవారికి కబురు చేయుడు. జాడ నిలిచియున్నచో పరిహారమడుగుటకును అదియే సాక్ష్యము. చిఱుత బావిలో పడినను, ఇంట దూరినను జనమును దూరముగా నుంచుడు; పాఱిపోవుటకు త్రోవ లేని మృగమే మీదబడును. అది పులిజూదము కాదు. అచ్చట గడి మూయరాదు, తెఱవవలయును.

ఆ పల్లెలో నేను బయలుదేఱువేళ దూడ పోయిన రైతు నన్ను దారివఱకు సాగనంపెను. "అయ్యా, ఆ పెద్దాయన రాకున్న మావాళ్లు మందు చల్లియుందురు. ఆ వంకనీరే మా మేకలు త్రాగును" అనెను. మట్టిలోని గోటిగుర్తు నెఱిగిన యొక్క ముసలివాడు ఆనాడు దుమ్ములగొండిని, మేకలను, బహుశః బిడ్డలను కూడ కాపాడెను. ఇకమీదట మీ రచ్చబండకడ ఎవ్వరైనను పులి వచ్చినదని కేకవేసినచో, కఱ్ఱ పట్టుటకు ముందు మీరొక్కమాట యడుగుడు: ఏ పులి?

సెలవు.